పాత ఇత్తడి, కంచు, పింగాణీ సామానుతో ఇల్లు అలంకరించుకోవాలంటే

అటక మీద పడున్న గంగాళం, పాత సామాన్ల కొట్లో దొరికిన పింగాణీ పళ్లెం, ఆవకాయ పెట్టడం మానేసిన జాడీ. వీటితో ఇంటికి కళ తేవడం కష్టమేమీ కాదు. కానీ వాటిని పాడుచేయడం అంతకంటే సులువు. చెంబును బఫింగ్ మిషన్‌కు ఇస్తే దానిమీద చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరూ తేదీ నిమిషాల్లో అరిగిపోతాయి. జాడీ అడుగున చిల్లు వేయబోతే బీట వస్తుంది. అందుకని మొదటినుంచీ ఒక నియమం పెట్టుకోండి: వెనక్కి తీసుకోలేని పని ఏదీ ఆ వస్తువుకు చేయొద్దు. చిల్లు వేయొద్దు, రంగు పూయొద్దు, గట్టి జిగురుతో శాశ్వతంగా అతికించొద్దు. రేపు దాన్ని దించి మళ్లీ పూర్వంలాగే అటక మీద పెట్టగలగాలి.

ఎక్కడ దొరుకుతాయి, ఏం చూడాలి

ముందు మీ ఇంట్లో, అమ్మమ్మ గారింట్లో, నానమ్మ గారింట్లో వెతకండి. తర్వాత మీ ఊళ్లో పాత్రల కొట్లకు వెళ్లండి. పాత ఇత్తడిని తూకానికిచ్చి కొత్త స్టీలు తీసుకెళ్లే అలవాటు ఇప్పటికీ ఉంది కాబట్టి, కరిగించడానికి పోయే సరుకు కొట్టు వెనక కుప్పగా ఉంటుంది. మంచి వస్తువులు అక్కడే తక్కువకు వస్తాయి. వెళ్లేముందు ఆ రోజు పాత ఇత్తడి తూకం ధర కనుక్కోండి. దానికి ఎంత ఎక్కువ పెట్టవచ్చన్నది పనితనాన్ని బట్టి మీరే తేల్చుకోవాలి. హైదరాబాద్‌లో గురువారం జుమ్మేరాత్ బజార్, ఆదివారం ఎర్రగడ్డ సంత ఇలాంటి వాటికి పేరున్న చోట్లు. పువ్వుల ఎనామిల్ (ఇనుము మీద గాజుపూత వేసిన) పళ్లేలు, టిఫిన్ క్యారియర్లు కావాలంటే తమిళనాడులోని కారైక్కుడి పాత సామాన్ల వీధి మంచిది. చెట్టినాడు ఇళ్ల నుంచి వచ్చిన సామాను అక్కడ అమ్ముతారు.

కొట్లోకి చిన్న అయస్కాంతం, సెల్‌ఫోన్ లైటు చాలు. అయస్కాంతం పట్టుకుంటే అది ఇత్తడి పూత పూసిన ఇనుము. వేలి కణుపుతో కొట్టి వినండి. కంచు చాలాసేపు మోగుతుంది, ఇత్తడి మోత త్వరగా ఆగిపోతుంది. కంచంటే రాగిలో ఐదో వంతుకు పైగా తగరం కలిపిన లోహం. గట్టిదే గానీ పెళుసు. కింద పడితే సొట్ట పోదు, పగిలిపోతుంది. అదే ఇత్తడికి సొట్ట పడితే పనివాళ్లు తీస్తారు. పింగాణీ, జాడీలు కూడా కొట్టి చూడాల్సిందే. స్పష్టంగా 'టింగ్' మంటే సరే, బొంగురుగా 'టక్' మంటే కనపడని బీట ఉంది. తర్వాత ఫోను లైటు లోపల పెట్టి బయట నుంచి చూడండి. పలుచని పింగాణీలో బీట నల్లని గీతలా తేలుతుంది. అంచు వెంట గోరు నడిపిస్తే కంటికి ఆనని పెచ్చులూ తెలిసిపోతాయి. గోడకు ఎక్కే పళ్లేనికి చిన్న పెచ్చు పోయినా నష్టం లేదు, అది పైకి కనపడకుండా తిప్పి పెట్టవచ్చు. బీట ఉన్నది మాత్రం వద్దు. స్ప్రింగు బిగింపుకు అది ఏదో ఒకరోజు రెండు ముక్కలవుతుంది.

పాతదిగా కనిపించాలని మందులు పూసి నల్లబరిచిన కొత్త ఇత్తడి చాలా తిరుగుతోంది. దాన్ని పట్టుకోవడానికి అడుగు చూడండి. నిజంగా వాడిన పాత్రకు అడుగూ, పట్టుకునే అంచూ అరిగి నున్నగా ఉంటాయి, మూలల్లో, గీతల్లో మాత్రమే నలుపు నిలుస్తుంది. అంతటా ఒకేలా నల్లగా ఉంటే అనుమానించండి. కొత్తదే కావాలంటే దాని కోసం వేరే మంచి చోట్లున్నాయి. శ్రీకాకుళం జిల్లా బుడితి, తూర్పు గోదావరి జిల్లా అజ్జరం, జనగామ జిల్లా పెంబర్తి పనివాళ్ల దగ్గర కొనండి. అక్కడ కొత్తను కొత్తగానే అమ్ముతారు.

గుడి పేరు చెక్కి ఉన్న హారతి పళ్లెం, గంట, దీపపు సెమ్మె ఎంత బాగున్నా కొనకండి. అది దొంగసొత్తు అయ్యే అవకాశం ఎక్కువ. అలాగే విదేశాల్లో ఉన్న పిల్లలకు పాత సామాను పంపాలనుకునేవాళ్లు 1972 నాటి పురావస్తు చట్టాన్ని గుర్తుంచుకోవాలి. వందేళ్లు దాటిన కళావస్తువుల్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడానికి వీల్లేదు. అంత పాతది కాకపోయినా అలా కనిపించే వస్తువైతే, అది పురావస్తువు కాదని భారత పురావస్తు శాఖ నుంచి ముందే పత్రం తీసుకుంటే విమానాశ్రయంలో చిక్కు ఉండదు.

శుభ్రం చేయడం

ఎక్కువ సామాను చెడేది ఇక్కడే. మనకు తెలిసిన చింతపండు పద్ధతి మంచిదే, కానీ అందులో సమయం ముఖ్యం. నిమ్మకాయంత చింతపండును అరగ్లాసు వేడినీళ్లలో నానబెట్టి, చెంచా ఉప్పు కలిపి, ఇత్తడికి మెత్తని గుడ్డతో రుద్దండి. రెండు మూడు నిమిషాలకు మించి ఉంచొద్దు. పులుపు ఎక్కువసేపు ఉంటే ఇత్తడి పైపొరలోని జింకును తినేస్తుంది, రాగి మిగిలి అక్కడక్కడ గులాబీరంగు మచ్చలు పడతాయి. రాత్రంతా నానబెట్టినవాళ్లకు ఎదురయ్యేది ఇదే. కడిగాక లీటరు నీళ్లకు చెంచా వంటసోడా కలిపి అందులో ఒకసారి ముంచితే మిగిలిన పులుపు చచ్చిపోతుంది. మళ్లీ మంచినీళ్లతో కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడిచి, పావుగంట ఎండలో పెట్టండి. తడి మీద ఆరనిస్తే నీటిచుక్కల మచ్చలు మిగిలిపోతాయి, బోరు నీళ్లయితే మరీను.

ఎంతవరకు తోమాలన్నది రుచికి సంబంధించినది. మా సలహా: ఉబ్బెత్తు భాగాలు మెరిసేలా తోమి, గీతల్లో, చెక్కడాల్లో నలుపును అలాగే వదిలేయండి. పనితనం కనిపించేది ఆ నలుపు వల్లే. అంతా తళతళలాడితే చెక్కిన తీగలూ పేర్లూ దూరం నుంచి ఆనవు. పెళ్లిలో పెట్టిన బిందె మీద పేరు, ఊరు, తేదీ ఉంటే దాన్నే ముందువైపుకు తిప్పి పెట్టండి. స్టీలు పీచు, గరుకు కాగితం దగ్గరికి రానివ్వొద్దు.

కంచుకు చింతపండు, ఉప్పు రెండూ వద్దు. కుంకుడుకాయ రసం, మెత్తని గుడ్డ చాలు. ఉప్పులోని క్లోరైడు కంచులో చేరితే లేత ఆకుపచ్చ పొడి రాలడం మొదలవుతుంది, తుడిచినా మళ్లీ వస్తుంది. నల్లగా, గట్టిగా అంటుకున్న కిలుము అలా పెరగదు కాబట్టి దాన్ని ఉంచుకున్నా ఫరవాలేదు. పొడిలా రాలేది కనిపిస్తే ఆ వస్తువును మిగతావాటి నుంచి వేరు చేసి, మంచినీళ్లలో రోజూ నీళ్లు మారుస్తూ కొన్నాళ్లు నానబెట్టి, పూర్తిగా ఆరబెట్టి, తేమలేని అరలో పెట్టండి.

ఏళ్ల తరబడి ఊరగాయ ఉన్న జాడీ వేరే సమస్య తెస్తుంది. సన్నని పగుళ్లలోంచి ఉప్పు మట్టిలోకి ఇంకి ఉంటుంది. వానాకాలం, ఎండాకాలం మారేకొద్దీ ఆ ఉప్పు తెల్లగా పైకి పొంగి, పూతను పెచ్చులుగా లేపేస్తుంది. కాబట్టి కడగడంతో సరిపెట్టకండి. పెద్ద టబ్బులో మంచినీళ్లలో ముంచి, రోజూ నీళ్లు మారుస్తూ వారం ఉంచండి. తర్వాత నీడలో ఆరబెట్టండి. ఆరాక ఎక్కడైనా తెల్లని పొర కనిపిస్తే ఇంకో వారం. తడిగా ఉన్నదాన్ని మండుటెండలో పెడితే ఉప్పు గబగబా గడ్డకట్టి పూతను చీల్చేస్తుంది. నూనె వాసన పోవాలంటే లోపల రెండు చెంచాల వంటసోడా పోసి, మూత పెట్టి రెండు రోజులు వదిలేయండి.

బంగారు అంచు ఉన్న పింగాణీకి సోడా, పీచు, వెనిగర్ ఏవీ తగలకూడదు. చేత్తో మెత్తని సబ్బునీటిలో, సింకు అడుగున తువ్వాలు పరిచి కడగాలి. ఎనామిల్ పళ్లెంలో పెచ్చు ఊడి తుప్పు పట్టిన చోట వెనిగర్ అద్ది తుడిచి, బాగా ఆరాక కాస్త మైనం రుద్దండి.

గోడకు పళ్లేలు ఎక్కించడం

ముందు గోడ రంగు చూడండి. లేత పసుపు, గోధుమరంగు గోడ మీద ఇత్తడి కలిసిపోయి కనిపించదు. ముదురు ఆకుపచ్చ, నీలం మీద బాగా పలుకుతుంది. నీలిపూల పింగాణీకి సున్నపు తెలుపే మేలు. ఇత్తడి, పింగాణీ ఒకే గుంపులో కలపాలని తొందరపడొద్దు. ఒక గోడకు ఒక రకం పెడితే సగం పని దానంతటదే అయిపోతుంది.

ప్రతి పళ్లేన్నీ పాత న్యూస్ పేపరు మీద బోర్లించి గీసి, కత్తిరించండి. ఆ కాగితాల్ని గోడకు టేపుతో అంటించి, రెండు రోజులు అలాగే చూడండి. పెద్దదాన్ని సరిగ్గా మధ్యలో కాకుండా కొంచెం పక్కకు పెట్టి, మిగతావి దాని చుట్టూ సర్దాలి. పళ్లెం పళ్లేనికీ మధ్య 5 నుంచి 7 సెంటీమీటర్లు వదలండి. గుంపు నడిమిభాగం నేల నుంచి దాదాపు 150 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. సోఫా పైన అయితే అన్నిటికంటే కింది పళ్లెం సోఫా వీపుకు 20 సెంటీమీటర్ల పైనే ఉండాలి, లేకపోతే వెనక్కి వాలినవాళ్ల తలకు తగులుతుంది. దబదబా మూసే తలుపు పక్క గోడ, పొయ్యి పై గోడ వదిలేయండి.

తగిలించడానికి రెండు దారులు. తీగ, స్ప్రింగులతో వచ్చే హ్యాంగర్ ఎక్కువకాలం నిలుస్తుంది. పళ్లెం సైజుకు సరిపోయేదే తీసుకోవాలి. చిన్నదాన్ని లాగి పెట్టినప్పుడు ఆ బిగువుకే అంచులు పెచ్చులూడతాయి. కొక్కేలకు సన్నని ప్లాస్టిక్ గొట్టం తొడిగితే గీతలు పడవు. రెండోది వెనక అంటించే గుండ్రని జిగురు బిళ్ల. నీళ్లతో తడిపి, ఐదు నిమిషాలాగి జిగట వచ్చాక అతికించి, 24 గంటలు బోర్లా ఉంచాలి. ప్యాకెట్ మీద రాసిన బరువు మించొద్దు. పూత పగుళ్లు పట్టిన పళ్లేనికి, పూత లేని మట్టి వస్తువుకు ఇది పనికిరాదు. జిగురుతో పాటు పూత ఊడి వస్తుంది. తీయాలంటే నీళ్లలో నానబెడితే చాలు, కాబట్టి మన నియమానికి ఇదీ సరిపోతుంది.

ఇటుక గోడకు 6 మిల్లీమీటర్ల బిట్టు, అదే సైజు ప్లగ్గు, 40 మిల్లీమీటర్ల స్క్రూ వాడండి. పైన ప్లాస్టరింగే ఒకటిన్నర సెంటీమీటరు దాకా ఉంటుంది. పొట్టి స్క్రూ అందులోనే ఆగిపోయి, బరువుకు ప్లాస్టరుతో సహా ఊడివస్తుంది. కొత్త అపార్ట్‌మెంట్లలో తేలిక సిమెంటు బ్లాకులు వాడుతున్నారు. వాటికి డ్రిల్లులో హ్యామర్ మోడ్ (కొడుతూ తొలిచే పద్ధతి) ఆపేసి, ఆ బ్లాకుల కోసమే వచ్చే నైలాన్ ప్లగ్గు కొట్టాలి. స్విచ్‌బోర్డుకు నిట్టనిలువుగా పైనా కిందా, అదే వరసలో అడ్డంగా డ్రిల్ పెట్టొద్దు, లోపల వైర్లు ఉంటాయి. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలే తీసుకోండి.

రెండు మూడు కిలోల ఇత్తడి తాంబాళాన్ని ఒక్క తీగకు వేలాడదీయకండి. అంచు పట్టుకునేలా కింద రెండు, పైన ఒకటి మేకుకొక్కేలు కొట్టి వాటి మధ్య కూర్చోబెట్టండి. పై కొక్కెం తిప్పితే బయటికి వచ్చేలా ఉంటే తోమడానికి దించుకోవచ్చు.

జాడీ, గంగాళం

జాడీలను మొక్కల కుండీలుగా వాడేటప్పుడు అడుగున గులకరాళ్లు రెండు వేళ్ల మందం పోసి, దానిమీద చిల్లులున్న ప్లాస్టిక్ కుండీని మొక్కతో సహా దించండి. నీళ్లు పోయాలంటే కుండీ బయటికి తీసి పోసి, కారడం ఆగాక మళ్లీ పెట్టాలి. ఎత్తు వేరువేరుగా ఉన్న మూడు జాడీలు ఒక మూల పెడితే సరిపోతుంది, వరసగా పది పెడితే కొట్టులా ఉంటుంది.

గంగాళంలో నీళ్లు పోసి పూలు వేయడం అందంగా ఉంటుంది. కానీ నీళ్లు నేరుగా ఇత్తడిలో ఉంటే చుట్టూ గీత పడి కిలుము పడుతుంది. లోపల సరిపడే స్టీలు బేసిన్ పెట్టి, దాంట్లో పోయండి. నీళ్లు రెండు రోజులకోసారి మార్చి, బేసిన్ లోపలి గోడ రుద్ది కడగండి. దోమ గుడ్లు గోడకే అతుక్కుని ఉంటాయి, నీళ్లు పారబోస్తే పోవు. ఇరవై లీటర్ల నీళ్లంటే ఇరవై కిలోలు, కాబట్టి చెక్క బల్ల మీద కాక నేల మీదే పెట్టండి.

సిబ్బితో దీపం

అన్నం వార్చే ఇత్తడి సిబ్బికి చిల్లులు ముందే ఉన్నాయి. గోడకు 4 లేదా 5 సెంటీమీటర్ల దూరంగా నిలిపి, వెనక 5 వాట్ల ఎల్ఈడీ పెడితే గోడంతా చుక్కల వెలుగు పరుచుకుంటుంది. పసుపు వెలుగు బల్బే తీసుకోండి, తెల్లటి వెలుగులో ఇత్తడి పాలిపోతుంది. సిబ్బి లోహం కాబట్టి ఎలక్ట్రీషియన్‌తో ఎర్తు వైరు కలిపించడం తప్పనిసరి. బిగించడానికి ఉన్న చిల్లుల్నే వాడమనండి, కొత్తవి వేయనివ్వొద్దు.

తినడానికి వాడొచ్చా?

అలంకరణకు తెచ్చిన పాత పింగాణీలో పులుపు, ఊరగాయ, వేడి పదార్థం పెట్టకండి. పాతకాలపు పూతల్లో, పూత మీద వేసిన రంగుల్లో సీసం ఉండవచ్చు, పులుపు దాన్ని లాగుతుంది. రంగుపూలు వేలికి ఉబ్బెత్తుగా తగిలితే అవి పూత మీద వేసినవే. మాటు వేసిన ఇత్తడి పాత్రలోనూ అదే భయం, అతుకులో సీసం కలిసి ఉండొచ్చు. మాటు లేని ఇత్తడి పాత్రలో వండాలనుకుంటే కళాయి పోయించాకే.

తర్వాత చూసుకోవాల్సింది తక్కువ. తోమి ఆరబెట్టిన ఇత్తడికి కొద్దిగా తేనెమైనం రాసి పొడిగుడ్డతో రుద్దితే నలుపెక్కడం నెమ్మదిస్తుంది. లక్క వార్నిష్ కంటే ఇదే నయం, ఎందుకంటే వార్నిష్ ఒకచోట లేచిపోతే అక్కడ మాత్రమే నల్లబడి పటంలా కనిపిస్తుంది, అది పోవాలంటే థిన్నర్‌తో మొత్తం తుడవాలి. తీరప్రాంతంలో ఉప్పుగాలికి మైనం రెండు నెలలకోసారి, మిగతాచోట్ల నాలుగైదు నెలలకోసారి చాలు. గోడ పళ్లేలను పండగకు బూజు దులిపేటప్పుడు దించి, స్ప్రింగు వదులైందా, కొక్కేనికి తుప్పు పట్టిందా చూసి మళ్లీ తగిలించండి.