సూపర్‌హీరో కామిక్ ఒరిజినల్ పేజీని ఎలా చూడాలి

విజయవాడలోనూ గుంటూరులోనూ కామిక్ పుస్తకాలను శ్రద్ధగా పోగుచేసేవారు ఉన్నారు. వారిలో కొందరు అచ్చు పుస్తకాలతో ఆగక, ఆ పుస్తకాల కోసం చిత్రకారులు చేత్తో గీసిన అసలు పేజీలను కూడా తెప్పించుకొంటారు. అటువంటి పేజీని మొదటిసారి చూసినవారు చాలావరకు అడిగే ప్రశ్న ఒక్కటే: రంగులు ఏవి? అమెరికన్ సూపర్‌హీరో కామిక్స్‌లో ఒకరు పెన్సిల్‌తో బొమ్మ గీస్తే, మరొకరు దానిపై సిరా దిద్దుతారు, ఇంకొకరు మాటలు రాస్తారు. రంగుల పని వేరే కాగితం మీద, ఇప్పుడైతే కంప్యూటర్‌లో జరుగుతుంది. అందుచేత పేజీ గీసిన మందపాటి అట్ట మీద నలుపు తెలుపులే ఉంటాయి. వీరుణ్ణి చూడాలనుకుంటే అచ్చు పుస్తకం చాలు; అచ్చులోకి రానివాటిని చూడడానికే ఒరిజినల్ పేజీ దగ్గరకు వెళ్ళాలి. ఈ సంగతి మనసులో పెట్టుకొంటే మిగిలినదంతా సులువుగా అలవడుతుంది.

చూసే ముందు చేతులు సబ్బుతో కడుక్కొని తడి లేకుండా తుడుచుకోవాలి. మన ఊళ్ళ ఎండల్లో చెమట పట్టిన వేలు అట్ట మీద మచ్చ వేస్తుంది. టీ గ్లాసు, నీళ్ళ సీసా వేరే బల్ల మీద ఉంచి, సీలింగ్ ఫ్యాను ఆపించండి. పేజీ ప్లాస్టిక్ తొడుగులో ఉంటే దాన్ని తీయమని యజమానిని అడగవచ్చు గాని మీరుగా తీయకూడదు. పేజీని ఎత్తవలసివస్తే రెండు చేతులతో అంచులు పట్టుకొని ఎత్తాలి.

తర్వాత నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడండి. ఇప్పటి అట్టలు సాధారణంగా 11 అంగుళాల వెడల్పు, 17 అంగుళాల ఎత్తు ఉంటాయి. అందులో బొమ్మ గీసే భాగం సుమారు 10 అంగుళాలు, 15 అంగుళాలు. దాన్ని మూడింట రెండు వంతులకు కుదించి అచ్చు వేస్తారు. 1967 ప్రాంతం వరకు అచ్చుకు దాదాపు రెట్టింపు కొలతలో గీసేవారు కాబట్టి, అంతకు ముందరి పేజీలు ఎదుట పెట్టినప్పుడు ఆ పెద్దతనమే ఆశ్చర్యపరుస్తుంది. దూరం నుంచి ముఖాలూ కండలూ పట్టించుకోవద్దు. నల్లగా నింపిన భాగాలు ఎక్కడెక్కడ పడ్డాయో, ఒక నలుపు నుంచి ఇంకొక నలుపుకు మీ కన్ను ఏ దారిన జారుతోందో గమనించండి. మంచి పేజీలో ఆ దారి పైన ఎడమ మూల నుంచి బయలుదేరి, కథ నడిచే వరుసలోనే తిరిగి, పేజీ తిప్పే మూలకు చేరుతుంది.

ఈ చూపు అలవడడానికి మన ప్రాంతపు శిల్పం కంటే మంచి పాఠం నాకు తెలియదు. అమరావతి స్తూపానికి చెందిన నలగిరి ఏనుగు ఫలకం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. ఒకే వృత్తంలో ఆ ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఒకవైపు మదమెక్కి వీధిలో బీభత్సం చేస్తూ, మరోవైపు బుద్ధుడి పాదాల ముందు మోకరిల్లి. రెంటి మధ్య అడ్డగీత లేదు, అయినా ఏది ముందు, ఏది తర్వాత అన్న అనుమానం మనకు రాదు, ఎందుకంటే ఆకారాలు వాలిన తీరే కంటిని నడిపిస్తుంది. కామిక్ చిత్రకారుడు అదే పనిలో కొంత భాగాన్ని ప్యానెళ్ళ, అంటే పేజీలో ఒక్కొక్క బొమ్మ ఉన్న గడుల, మధ్య వదిలిన తెల్లటి ఖాళీకి అప్పగిస్తాడు. రెండు ప్యానెళ్ళ మధ్య ఎంత కాలం గడిచింది, అందులో ఏ కదలికను అతను గీయకుండా మన ఊహకు వదిలాడు అని ప్రతి ఖాళీ దగ్గరా ఆగి ఆలోచించండి.

ఇప్పుడు దగ్గరకు రండి. భూతద్దం ఉంటే మంచిది, లేకపోయినా ఫరవాలేదు. కావలసింది పక్క నుంచి పడే వెలుతురు. ట్యూబ్‌లైటు కింద సమంగా కనిపించిన నలుపు మీదికి చిన్న టార్చిని ఏటవాలుగా, కొద్దిసేపు పట్టి చూస్తే, కుంచె ఎటు నుంచి ఎటు నడిచిందో, ఎక్కడ సిరా అయిపోయి మళ్ళీ ముంచారో, ఒక పూత మీద మరొక పూత ఎక్కడ పడిందో కనిపిస్తాయి. అచ్చులో ఇదంతా ఒకే నల్లటి ముద్ద. గీతలలో కూడా తేడా పట్టుకోవచ్చు. కుంచె గీత సన్నగా మొదలై, మధ్యలో లావై, మళ్ళీ వెంట్రుకవాసిగా ముగుస్తుంది. నిబ్ గీత మరింత బిగువుగా ఉండి, ఒత్తిడి పడిన చోట కాగితాన్ని కొంచెం గీరుతుంది. వారపత్రికల్లో బాపు గీతను చూస్తూ పెరిగిన తెలుగువారికి ఈ లావు సన్నాల రుచి కొత్తది కాదు, దాన్ని ఇక్కడికి తెచ్చుకొంటే చాలు. పెన్సిల్ వేసినవారి పేరే ఎక్కువగా వినిపిస్తుంది గాని, మన కంటికి కనిపించే ప్రతి గీతా సిరా దిద్దినవారిదే. వారికి దక్కవలసిన గౌరవం ఇంకా దక్కలేదని నా గట్టి నమ్మకం.

అన్నిటికంటే ఎక్కువ సమయం దిద్దుబాట్ల మీద పెట్టండి. విజయవాడలో నా మిత్రుడి దగ్గర ఒక పేజీ ఉంది. మేడ మీద నుంచి దూకుతున్న వీరుడి కుడిచేతి మీద తెల్లరంగు పొరలుగా పేరుకొని, వేలి గోరంత మందాన ఎండిపోయింది. ఏటవాలు వెలుతురులో ఆ తెలుపు కింద మొదటి చెయ్యి కనిపిస్తుంది. అది నడుము దగ్గర ముడుచుకొని ఉంది. దాన్ని చెరిపి పిడికిలిని పైకెత్తడంతో, మడమ నుంచి పిడికిలి దాకా శరీరమంతా ఒకే వాలుగీత అయి, దూకుడుకు వేగం వచ్చింది. అచ్చు పేజీలో రెండో చెయ్యి మాత్రమే ఉంటుంది. ఒక కళాకారుడు తన నిర్ణయాన్ని మార్చుకొన్న క్షణం ఇలా చేతికందేంత దగ్గరలో దొరకడం నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది.

తెల్లరంగుతో పాటు, కత్తిరించి అతికించిన ముక్కలు, లేతనీలం పెన్సిలు గీతలు కూడా వెతకండి. అచ్చు ప్లేట్ల కోసం వాడిన కెమెరా ఫిల్ము లేతనీలాన్ని పట్టుకొనేది కాదు, అందువల్ల ఆ గీతలను చెరపనవసరం లేకపోయింది. అంచుల్లో పెన్సిల్ రాత ఉంటే అది మరింత విలువైనది. మార్వెల్ అనే అమెరికన్ కామిక్స్ ప్రచురణ సంస్థలో 1960లలో రచయిత కథను క్లుప్తంగా చెబితే చిత్రకారుడు పేజీలు గీసేవాడు, సంభాషణలు ఆ తర్వాత రాసేవారు. ఆ పద్ధతిలో పనిచేసిన జాక్ కర్బీ, ఫలానా ప్యానెల్‌లో ఏం జరుగుతోందో అట్ట అంచుల్లో తానే రాసి పంపేవాడు. కథ ఎవరిది అన్న వాదంలో ఆ అంచురాతలు నేటికీ సాక్ష్యంగా నిలుస్తున్నాయి.

మాటల బుడగలు అట్ట మీదే చేత్తో రాసి ఉంటే పేజీ చాలావరకు 1990ల మధ్యకు ముందరిది. తర్వాత లెటరింగ్ కంప్యూటర్‌కు మారడంతో బుడగలు లేని పేజీలు వచ్చాయి. వాటిలో బొమ్మ నిండుగా కనిపిస్తుంది గాని కథ చదవాలంటే అచ్చు పుస్తకం పక్కన ఉండాలి. విడిగా రాసి అతికించిన పాత బుడగ చుట్టూ పసుపుపచ్చని మరక ఉంటే అది జిగురు పాతబడిన గుర్తు, లోపంగా లెక్కించనక్కరలేదు. యజమాని అనుమతితో వెనకవైపు కూడా చూడండి, కొన్ని పాత పేజీల వీపున కామిక్స్ కోడ్ అథారిటీ (అచ్చుకు ముందు కామిక్స్‌ను పరిశీలించి అనుమతించిన అమెరికన్ సంస్థ) ముద్ర ఉంటుంది.

ధర గురించి ఎలాగూ మాట వస్తుంది. 2022 జనవరిలో మైక్ జెక్ గీసిన స్పైడర్‌మ్యాన్ పేజీ ఒకటి వేలంలో 33 లక్షల డాలర్లకు పైగా పలికింది. అయితే స్పైడర్‌మ్యాన్ తొలి కథ వచ్చిన సంచికకు స్టీవ్ డిట్కో గీసిన 24 పేజీలను ఒక అజ్ఞాత దాత 2008లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు ఉచితంగా ఇచ్చేశారు. ఒకప్పుడు ఇటువంటి పేజీలను ప్రచురణ సంస్థలు పారేసేవి, పంచిపెట్టేవి. చిత్రకారులకు తిరిగి ఇవ్వడం 1970లలో గాని స్థిరపడలేదు. కర్బీకి తన పాత పేజీలలో కొంత భాగం చేరేసరికి 1987 అయింది. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో యజమానిని అడిగి తెలుసుకోవడం పేజీని చూడడంలో భాగమే.

మీరే ఒక పేజీ కొన్నట్టయితే ఫ్రేము విషయంలో గట్టిగా ఉండండి. ఫొటోలను జిగురుతో హార్డ్‌బోర్డుకు అతికించే అలవాటు మన ఫ్రేము దుకాణాల్లో ఉంది. దాన్నీ లామినేషన్‌నూ అసలే ఒప్పుకోవద్దు. ఆమ్లం లేని మౌంటు అట్ట పెట్టించి, పేజీ గాజుకు తగలకుండా చూడాలి. మంచి ఇండియన్ ఇంకు వెలిసిపోదు గాని, నలుపు నింపడానికి మార్కర్ వాడి ఉంటే అది వెలుతురుకు గోధుమరంగుకు తిరుగుతుంది, కాబట్టి పడమటి ఎండ పడే గోడ పనికిరాదు. కృష్ణ ఒడ్డు ఊళ్ళలో వానాకాలపు తేమ గోడల్లోకి దిగుతుంది గనక ఆ నెలల్లో ఫ్రేమును దించి బీరువాలో సిలికా జెల్ సంచులతో ఉంచి, పదిహేను రోజులకొకసారి వెనక అట్ట తీసి, బూజు గాని పురుగు గాని పట్టిందేమో చూసుకోండి.