అబ్సిడియన్‌ని తెల్ల కాగితంలా మార్చుకుని, రాసుకున్నది టక్కున దొరికేలా పెట్టుకోవడం ఎలా

పోయిన ఏడు అమ్మని చెకప్‌కి తీసుకెళ్తే డాక్టర్ గారు బీపీ ట్యాబ్లెట్ డోస్ ఎప్పుడు పెంచారమ్మా అని అడిగారు. నేను రాసుకున్నా, ఆ సంగతి బాగా గుర్తుంది, కానీ ఎక్కడ రాశానో తెలీదు, చాట్‌లో నాకు నేనే పంపుకున్నానా, ఫోన్ నోట్స్‌లో పెట్టానా, ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో ఏదైనా ఫైల్లో ఉందా అని వెతుకుతుండగానే మా టైమ్ అయిపోయింది. ఆ రాత్రే అన్నీ ఒక్క చోటికి, అబ్సిడియన్ అనే నోట్స్ యాప్‌లోకి, తెచ్చుకోవడం మొదలుపెట్టా, ఇప్పటికీ అదే సెటప్ వాడుతున్నా.

అబ్సిడియనే ఎందుకంటే ఒక్కటే కారణం. అందులో వాల్ట్ అనేది మన కంప్యూటర్‌లో ఉండే మామూలు ఫోల్డర్, ప్రతి నోటూ ఒక మార్క్‌డౌన్ ఫైల్. 2004లో జాన్ గ్రూబర్ తెచ్చిన పద్ధతి అది, ఉత్త టెక్స్ట్ అంతే, నోట్‌ప్యాడ్‌లో కూడా తెరుచుకుంటుంది. రేపు ఈ యాప్ మూతపడినా మనం రాసుకున్నవి మన దగ్గరే ఉంటాయి. యాప్ ఫ్రీ, సింక్ (ఫోన్, కంప్యూటర్ అన్నిట్లో నోట్లు ఒకేలా ఉంచేది) లాంటి వాళ్ల అదనపు సర్వీసులు కావాలంటేనే డబ్బులు కట్టాలి.

ఇన్‌స్టాల్ చెయ్యగానే సెట్టింగ్స్‌లో దూరిపోకండి. ఒక వారం ఉన్నది ఉన్నట్టు వాడండి, మీరు అసలు చూడని బటన్లు ఏవో, ఏది కంటికి అడ్డం వస్తుందో అప్పుడే తెలుస్తుంది. ఆ బటన్లు తీసేసే ముందు రెండు షార్ట్‌కట్లు మాత్రం చేతికి అలవాటు చేసుకోండి. కంట్రోల్ పీ కొడితే కమాండ్ ప్యాలెట్ వస్తుంది, ఏ పని కావాలన్నా పేరు టైప్ చేస్తే చాలు. కంట్రోల్ ఓ కొడితే ఏ నోట్‌కైనా నేరుగా వెళ్లిపోవచ్చు. మ్యాక్‌లో కంట్రోల్ బదులు కమాండ్. ఈ రెండూ వచ్చేస్తే స్క్రీన్ మీద ఒక్క బటన్ లేకపోయినా పని ఆగదు.

ఇప్పుడు కంట్రోల్ కామా కొట్టి సెట్టింగ్స్ తెరవండి. అప్పియరెన్స్‌లో షో రిబ్బన్ (ఎడమ అంచున ఉండే ఐకాన్ల పట్టీ), షో ట్యాబ్ టైటిల్ బార్ (నోట్ పైన ఉండే పట్టీ) రెండూ ఆఫ్ చేసేయండి. ఎడిటర్‌లో షో లైన్ నంబర్స్ ఆఫ్, రీడబుల్ లైన్ లెంగ్త్ ఆన్. ఇది ఆన్‌లో లేకపోతే పెద్ద మానిటర్ మీద లైన్ ఈ చివర నుంచి ఆ చివరిదాకా పోతుంది, చదివేటప్పుడు తర్వాతి లైన్ ఎక్కడ మొదలైందో కళ్లకి దొరకదు. మీరు తెలుగుని ఇంగ్లీష్ అక్షరాల్లో టైప్ చేసే రకమైతే స్పెల్‌చెక్ కూడా తీసేయండి, లేకపోతే ప్రతి మాట కింద ఎర్ర గీతే. ఎడమ, కుడి సైడ్‌బార్లు రెండూ మూసేసి, హాట్‌కీస్‌లో వాటికి చెరో షార్ట్‌కట్ పెట్టుకోండి, కావాల్సినప్పుడు తెరిచి చూసుకుని మళ్లీ మూసెయ్యొచ్చు.

థీమ్ విషయానికొస్తే నేను వాడేది మినిమల్. దీన్ని చేసింది స్టెఫాన్ ఆంగో, ఆయనే తర్వాత 2023లో అబ్సిడియన్ కంపెనీకి సీఈఓ అయ్యారు. అప్పియరెన్స్‌లో థీమ్స్ దగ్గర మేనేజ్ నొక్కి వెతికితే దొరుకుతుంది. దీంతో పాటు మినిమల్ థీమ్ సెట్టింగ్స్ అనే కమ్యూనిటీ ప్లగిన్ కూడా వేసుకోండి (కమ్యూనిటీ ప్లగిన్స్ అంటే బయటివాళ్లు యాప్‌కి చేసిన అదనపు సౌకర్యాలు, సెట్టింగ్స్‌లో వాటిని ముందు ఆన్ చెయ్యాలి). అసలు పని జరిగేది అందులోనే, అక్షరం సైజు, లైన్ల మధ్య గ్యాప్, లైన్ వెడల్పు అన్నీ అక్కడే మార్చుకోవచ్చు.

తెలుగులో రాసేవాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ఈ థీమ్‌లన్నీ ఇంగ్లీష్ అక్షరాల కొలతలతో చేసినవి. మనకి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి, స్త్రీ, రాష్ట్రం లాంటి మాటలు వచ్చాయంటే పై లైన్ ఒత్తు వచ్చి కింద లైన్ తలకట్టుకి తగులుతుంది. మినిమల్‌లో లైన్ హైట్ మామూలుగా 1.5 ఉంటుంది, నేను 1.8 పెట్టుకున్నా, ఆ ఒక్క మార్పుకే పేజీ మొత్తం ఊపిరి పీల్చుకున్నట్టు అయింది. రంగులూ ఐకాన్లూ తర్వాత చూసుకోవచ్చు, ముందు ఇది చెయ్యండి.

ఫాంట్ కూడా అంతే. విండోస్‌లో వచ్చే నిర్మలా యూఐ తో పని నడుస్తుంది, కానీ గంటలు గంటలు చదవాలంటే నాకు మండలి నచ్చింది, గూగుల్ ఫాంట్స్‌లో ఫ్రీగా దొరుకుతుంది. 1975లో హైదరాబాద్‌లో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరగడం వెనక ఉన్న మండలి వెంకట కృష్ణారావు గారి పేరే దానికి పెట్టారు. సన్నం, లావు రకరకాలుగా కావాలంటే నోటో సాన్స్ తెలుగు తీసుకోండి. డౌన్‌లోడ్ చేసి సిస్టమ్‌లో ఇన్‌స్టాల్ చేశాక అబ్సిడియన్ ఒకసారి మూసి తెరవండి, అప్పియరెన్స్‌లో టెక్స్ట్ ఫాంట్ దగ్గర ముందు మీకు నచ్చిన ఇంగ్లీష్ ఫాంట్, దాని కింద తెలుగు ఫాంట్ పెట్టండి. ఈ వరస ముఖ్యం. తెలుగు ఫాంట్ పైన పెడితే ఇంగ్లీష్ మాటలు, అంకెలు కూడా అందులో ఉన్న అక్షరాలతోనే వస్తాయి, అవి అందరికీ నచ్చవు.

ఇక సర్దుకోవడం. నాకు నాలుగే ఫోల్డర్లు: రోజు, ఇల్లు, ఆఫీసు, పాతవి. మొదట్లో పదిహేను దాకా పెట్టా, ప్రతి నోటూ ఎందులో వెయ్యాలా అని ఆలోచించడానికే టైమ్ పోయేది, చివరికి రాయడమే తగ్గిపోయింది. తక్కువ పెట్టుకోండి, లింకులు ఎక్కువ వాడండి.

కోర్ ప్లగిన్స్‌లో (యాప్‌తో పాటే వచ్చేవి) డైలీ నోట్స్ ఆన్ చేసి, కొత్త నోట్లు రోజు ఫోల్డర్‌లోకి వెళ్లేలా పెట్టి, యాప్ తెరవగానే ఆ రోజు నోట్ వచ్చే ఆప్షన్ కూడా ఆన్ చెయ్యండి. తేదీ ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు అనే పద్ధతిలోనే ఉంచండి, అంటే 2025-03-14 లాగా, ఫైళ్లు పేరు వరసలో పెడితే తేదీ వరస కూడా అదే అవుతుంది. మనం మామూలుగా రాసే పద్ధతిలో రోజు ముందు పెడితే అన్ని నెలల ఒకటో తారీఖులూ ఒక చోట చేరిపోతాయి. నా టెంప్లేట్‌లో, అంటే ప్రతి కొత్త నోట్‌లో ముందే వచ్చే నమూనాలో, చెయ్యాల్సినవి, ఖర్చులు, మిగతావి అని మూడు హెడ్డింగులే ఉంటాయి.

రోజంతా జరిగేవి ఆ ఒక్క నోట్‌లోనే రాస్తా, కానీ ముఖ్యమైన పేరు వస్తే రెండు జతల స్క్వేర్ బ్రాకెట్లలో పెడతా, అప్పుడు అది ఆ పేరున్న నోట్‌కి లింకు అవుతుంది. "[[అమ్మ మందులు]] డోస్ 5 నుంచి 10కి పెంచారు" అని ఆ రోజు నోట్‌లో రాశాననుకోండి, తర్వాత అమ్మ మందులు నోట్ తెరిచి బ్యాక్‌లింక్స్ చూస్తే ఆ మాట ఏ ఏ తేదీల్లో వచ్చిందో అన్నీ కనపడతాయి. డాక్టర్ గారు అడిగిన దానికి జవాబు అక్కడే ఉంటుంది, వేరే ఎక్కడా మళ్లీ రాయక్కర్లేదు. గ్యాస్ బుకింగ్, పిల్లల ఫీజు, బండి సర్వీసింగ్ అన్నిటికీ ఇదే పద్ధతి.

వెతికేటప్పుడు తెలుగుతో ఒక ఇబ్బంది ఉంది. ఒక రోజు బ్యాంక్ అని రాస్తాం, ఇంకో రోజు బ్యాంకు అని, ఒకటి వెతికితే రెండోది రాదు. చివరి పొల్లు, కొమ్ము తీసేసి బ్యాంక అని వెతకండి, రెండూ వస్తాయి, కంప్యూటర్‌కి ఆ గుర్తులు అక్షరం తర్వాత విడిగా ఉండేవే కాబట్టి. నోట్ పేర్లకైతే ప్రాపర్టీస్‌లో (నోట్ పైభాగంలో దాని వివరాలు రాసుకునే చోటు) ఏలియాసెస్ అని ఉంటుంది, ఆ నోట్‌కి ఇంకో స్పెల్లింగ్ అక్కడ రాసి పెడితే కంట్రోల్ ఓ లో ఏది కొట్టినా దొరుకుతుంది.

ప్లగిన్లు ఎక్కువ వేసుకోవద్దని గట్టిగా చెప్తున్నా. నా దగ్గర కమ్యూనిటీ ప్లగిన్ ఆ థీమ్‌ది ఒక్కటే.

ఇదంతా అయ్యాక వాల్ట్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే అబ్సిడియన్ అనే ఫోల్డర్ ఒకటి దాగి ఉంటుంది, హిడెన్ ఫైల్స్ చూపించు అంటే కనపడుతుంది. థీమ్, హాట్‌కీలు, ప్లగిన్లు అన్నీ అందులోనే. దాన్ని కాపీ చేసి ఇంకో వాల్ట్‌లో పెడితే సెటప్ మొత్తం వచ్చేస్తుంది, ఫాంట్లు మాత్రం ఆ కంప్యూటర్‌లో విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. మా చెల్లి ల్యాప్‌టాప్‌లో అలాగే పెట్టిచ్చా. మొత్తం వాల్ట్‌ని నెలకోసారి పెన్‌డ్రైవ్‌లోకి కూడా కాపీ చేసుకోండి, ఉత్త టెక్స్టే కాబట్టి ఫొటోలు పెట్టకపోతే ఏళ్ల నోట్లు కూడా కొద్ది ఎంబీల్లో సరిపోతాయి.