ట్యూబ్ సింథ్ మాడ్యూల్‌లో గుయ్‌మనే హమ్‌కి పాత రౌటర్ అడాప్టర్

ఇంట్లో సింథసైజర్ కోసం 12ఏఎక్స్7 వాక్యూమ్ ట్యూబ్‌తో ఫిల్టరో, వీసీఏనో (వోల్టేజ్‌తో శబ్దం స్థాయిని మార్చే సర్క్యూట్) కట్టుకుంటే, నోట్ వాయించకపోయినా వెనకాల సన్నగా 50 హెర్ట్జ్ హమ్ వినిపిస్తూనే ఉంటుంది. చాలాసార్లు దానికి కారణం హీటర్‌కి, అంటే ట్యూబ్ లోపల వేడెక్కే తీగకి, నేరుగా ఇచ్చే ఏసీ.

మూలన పడి ఉన్న రౌటర్ 12 వోల్టుల డీసీ అడాప్టర్‌ని హీటర్‌కి వాడండి. ప్లస్ 4వ పిన్నుకి, మైనస్ 5వ పిన్నుకి. 9వ పిన్ను ఖాళీగా వదిలేయాలి. హీటర్‌కి అసలు కావాల్సింది 12.6 వోల్టులు, 12 ఇచ్చినా హాయిగా పనిచేస్తుంది. సాకెట్ దగ్గరే 4, 5 పిన్నుల మధ్య 1000 మైక్రోఫారడ్, 25 వోల్టుల కెపాసిటర్ పెట్టండి. అడాప్టర్ మైనస్‌ని మాడ్యూల్ గ్రౌండ్‌కి తప్పకుండా కలపాలి, నేను మొదట మర్చిపోయింది అదే, హమ్ అలాగే ఉండిపోయింది. ఒక్కో ట్యూబ్ 150 మిల్లీ ఆంప్స్ తీసుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ లాగుతుంది కాబట్టి 1 ఆంప్ అడాప్టర్‌కి మూడు, నాలుగు ట్యూబులు చాలు.

ఈసీసీ88 లాంటి 6.3 వోల్టుల ట్యూబుకి మాత్రం ఇలా ఇవ్వకండి, హీటర్ మాడిపోతుంది.