వేట విడిదిలో పరాచకాలకు ముందు జాగ్రత్తలు

వేట కోసం నలుగురు కలిసి అడవి అంచున గుడారాలు వేసుకుని నెగడు చుట్టూ చేరాక, ఎవరో ఒకరికి కొంటె ఆలోచన పుట్టక మానదు. చక్కెర డబ్బాలో ఉప్పు పోయడం, నిద్రపోతున్నవాడి బూట్ల లేసులు ఒకదానికొకటి ముడివేయడం విడిదిలో ఎప్పుడూ ఉండేవే. వాటిని మానమని చెప్పడం నా ఉద్దేశం కాదు. చెప్పినా ఎవరూ వినరు. అయితే వేటి జోలికి పోకూడదో బయలుదేరే ముందే అందరూ కూర్చుని ఒక మాట అనుకోవాలి.

మొదటిది తూటాల సంచి. దానిలోని తూటాలను తారుమారు చేయడం చిన్న అల్లరిగా తోచవచ్చు. గేజ్ అంటే గొట్టం లావును చెప్పే కొలత, అంకె పెరిగేకొద్దీ తూటా సన్నబడుతుంది. కానీ 12 గేజ్ తుపాకీలో 20 గేజ్ తూటా పడితే, అది సన్నగా ఉండటం వల్ల తూటా కూర్చునే చాంబర్‌లో నిలవకుండా ముందుకు జారి గొట్టం మొదట్లో ఇరుక్కుంటుంది. ట్రిగ్గర్ నొక్కినా పేలదు, వెనకనుంచి చూస్తే ఖాళీగానే కనిపిస్తుంది. తూటా పెట్టడం మరచిపోయాననుకుని వేటగాడు 12 గేజ్ తూటా పెట్టి పేల్చాడంటే గొట్టం అతడి చేతుల్లోనే బద్దలవుతుంది. 20 గేజ్ తూటాలను పసుపు రంగులో తయారుచేసేది ఈ పొరపాటు కంటబడాలనే, కానీ తెల్లవారకముందు చీకట్లో ఆ రంగు అక్కరకు రాదు.

తుపాకులలోంచి తూటాలు తీసేసి, తాళం వేసిన తర్వాతే విడిదిలో నవ్వులాట, మద్యం మొదలుకావాలి. ఒక రాత్రి మావాడొకడు నా గుడారం గుడ్డను గోళ్లతో గీరుతూ ఎలుగుబంటిలా గుర్రుమన్నాడు. నిద్రమత్తులో నా చేయి కళ్లజోడుకన్నా ముందు తుపాకీని వెతికింది. అది వాహనంలో తాళం కింద ఉండటంతో, అందిన పెనం పట్టుకుని బయటికి దూకి, గుడారం తాడు తట్టుకుని బోర్లా పడ్డాను. గుర్రుమన్నవాడే నవ్వాపుకుంటూ నా మోకాలికి కట్టు కట్టాడు. అప్పటినుంచి మా విడిదిలో జంతువుల అరుపులన్నీ నెగడు దగ్గర, అందరి కళ్లముందే.

లోపల మనిషి ఉండగా గుడారం జిప్పును బయటినుంచి కట్టేయకూడదు. చలికి తాళలేక అతడు బొగ్గుల కుంపటిని లోపలికి తెచ్చుకుని ఉంటే, రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ అతడికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది. కుంపటిని లోపలికి తేవడమే తప్పు, అది వేరే సంగతి.

నారింజ రంగు చొక్కాను దాచడం కూడా పరాచకం కాదు. జింకలకు అంతగా ఆనని ఆ రంగు తోటి వేటగాళ్లకు దూరంనుంచే కనబడుతుంది. టార్చిలోని బ్యాటరీలు, మంచె ఎక్కేవాడు కట్టుకునే పట్టీలు ఈ కోవలోవే. మూడుసార్లు ఊదే ఈల ఆపదకు గుర్తు కాబట్టి, దానితో ఎవరినీ ఆటపట్టించకూడదు.

వంటలో కారం గుప్పించాలనుకుంటే ఎవరికి ఏది పడదో ముందుగా అడగాలి. దాచినవి బూట్లయినా సరే, పడుకునే ముందే తిరిగి ఇచ్చేయాలి, ఎందుకంటే వేకువన బయలుదేరే తొందరలో వాటిని ఎక్కడ పెట్టామో దాచినవాడికే గుర్తుండదు.