మన బండి మైలేజీ మనమే కొలుద్దాం – 4వ పాఠం: పికప్ బెడ్‌కి మూత వేస్తే గ్యాస్ (పెట్రోల్) మిగులుతుందా?

కిందటి పాఠంలో చెప్పిన పని చేసి ఉంటే ఈపాటికి మీ నోట్‌బుక్‌లో కనీసం మూడు ట్యాంకుల లెక్క ఉండాలి: ప్రతిసారీ తిరిగిన మైళ్లు, పోయించిన గ్యాలన్లు, ఆ రోజు ఎండా చలా, టైర్లలో గాలి ఎంత అన్నవి. అవి లేనివాళ్లు పాఠం చదవండి, కానీ ప్రయోగం ఇప్పుడే మొదలుపెట్టకండి. ముందు ఆ మూడు ట్యాంకులు పూర్తి చేయండి. బెడ్‌కి, అంటే పికప్ వెనక సామాను వేసుకునే తొట్టికి, మూత లేనప్పుడు బండి ఎంత ఇస్తుందో తెలియకుండా మూత వేశాక ఎంత పెరిగిందో చెప్పలేం.

ఈ పాఠం రాయడానికి నాకొక సొంత కారణం ఉంది. డాలస్ దగ్గర ఉండే నేను కొన్నేళ్ల కిందట నా పికప్‌కి చుట్టేసుకునే రకం మెత్తటి కవర్ కొన్నాను. బెడ్‌కి వేసే ఇలాంటి మూతల్నే ఇక్కడ టానో కవర్లు అంటారు. అమ్మినతను పది శాతం మైలేజీ పెరుగుతుందన్నాడు. జనవరిలో కవర్ లేకుండా ఒక ట్యాంకు, ఏప్రిల్‌లో కవర్‌తో ఒక ట్యాంకు కొలిచాను. నిజంగానే బాగా పెరిగినట్టు కనిపించింది. ఆ సంతోషంలో హ్యూస్టన్‌లో ఉన్న మా బావకి ఫోన్ చేసి చెప్పాను. నా మాట మీద ఆయన గట్టి పలకల కవర్ కొన్నారు. దాని ఖరీదు నా దానికి మూడింతలు. నాలుగు నెలలయ్యాక ఒక పెళ్లిలో కలిసినప్పుడు, "నువ్వు చెప్పిన మైలేజీ నాకు రాలేదు, బావా" అన్నారు. అంతకుమించి ఒక్క మాట కూడా అనలేదు. ఆ రాత్రి ఇంటికొచ్చి నా పాత లెక్కలు ముందేసుకుని కూర్చున్నాను. తప్పు కవర్‌లో లేదు, నేను కొలిచిన తీరులో ఉంది. ఆ తీరు సరిచేసుకోవడమే ఈ పాఠం.

ముందు గాలి సంగతి చూద్దాం. బెడ్ తెరిచి ఉంటే గాలి దాంట్లోకి దూకి వెనక తలుపుని, అంటే టెయిల్‌గేట్‌ని, గోడకి కొట్టుకున్నట్టు కొడుతుందని చాలామంది అనుకుంటారు. అందుకే హైవే ఎక్కగానే టెయిల్‌గేట్ దించేసే అలవాటు ఇక్కడ పాతకాలం నుంచీ ఉంది. నిజానికి జరిగేది వేరు. క్యాబ్ పైకప్పు దాటిన గాలి నేరుగా బెడ్ అడుగుకి దిగదు, వెనక్కి సాగిపోతుంది. టెయిల్‌గేట్ దగ్గర దాంట్లో కొంత కిందికి మళ్లి, బెడ్ అడుగు మీదుగా ముందుకి, క్యాబ్ వైపుకి వస్తుంది. అక్కడ మళ్లీ పైకి లేస్తుంది. ఇలా బెడ్‌లో గాలి సుడి ఒకటి తిరుగుతూ ఉంటుంది. పైన పోయే గాలికి ఆ సుడే మెత్తటి పరుపులా పనిచేస్తుంది. టెయిల్‌గేట్ దించితే సుడి చెదిరిపోతుంది, చాలా బండ్లలో గాలి లాగుడు, అంటే గాలి బండిని వెనక్కి పట్టి లాగే బలం, తగ్గకపోగా పెరుగుతుంది. కాబట్టి ఆ అలవాటు ఉంటే ఈ రోజే మానేయండి. ఇప్పుడొచ్చే పికప్‌లలో టెయిల్‌గేట్ పై అంచు కాస్త పైకి లేచి, పెదవిలా ఉంటుంది గమనించారా? గాలి అక్కడ శుభ్రంగా విడిపోవాలనే కంపెనీలు దాన్ని అలా మలుస్తాయి.

నా మాట నమ్మక్కర్లేదు, మీ కళ్లతో చూడొచ్చు. ఉన్ని దారం బెత్తెడు ముక్కలుగా ఓ ఇరవై కత్తిరించండి. ఒక కొసకి మాత్రమే టేప్ వేసి, బెడ్ అడుగున మూడు వరసల్లో, టెయిల్‌గేట్ లోపలి వైపు ఒక వరస అతికించండి. ఫోన్‌ని వెనక అద్దానికి లోపలి వైపు గట్టిగా బిగించి వీడియో పెట్టండి. బెడ్‌లో మనిషిని మాత్రం ఎక్కించకండి. 50 మైళ్ల వేగంలో రెండు నిమిషాలు వెళ్లి వచ్చి చూడండి. బెడ్ వెనక సగంలో ఉన్న దారాలు టెయిల్‌గేట్ వైపుకి కాకుండా, క్యాబ్ వైపుకి తల తిప్పి ఊగుతుంటాయి. మొదటిసారి చూసినప్పుడు వీడియో తలకిందులుగా పెట్టానేమో అనుకున్నాను. బెడ్‌లో పడేసిన ఖాళీ ప్లాస్టిక్ సంచి క్యాబ్ గోడ దగ్గర చేరి గిరగిరా తిరగడం ఎప్పుడైనా చూసి ఉంటే దాని కారణం కూడా ఇదే.

మరి మూత వేస్తే? సుడి ఉన్న చోట గట్టి పైకప్పు వస్తుంది. గాలి దాని మీదుగా ఇంకాస్త నున్నగా జారిపోతుంది. లాగుడు తగ్గుతుంది, అందులో అనుమానం లేదు. కానీ సుడి ఆ పనిని అప్పటికే సగం చేసిపెట్టింది కదా! అందుకే మూత వల్ల వచ్చే అదనపు లాభం కొద్దిపాటి శాతాలే. బెడ్ పొడవు, క్యాబ్ ఎత్తు, కవర్ బిగువు బట్టి అది మారుతుంది. కవర్ వదులుగా ఉండి పటపటా కొట్టుకుంటుంటే ఆ కాస్త కూడా దక్కదు. మన ఊళ్లలో లారీ వాళ్లు పట్టా కట్టాక తాడు లాగి లాగి ముడేస్తారు చూడండి, అలా ఉండాలి బిగువు.

ఇక్కడ ఒక మెట్టు లెక్క వేయాలి. గాలి లాగుడు తగ్గినంత శాతం గ్యాస్ తగ్గదు. హైవే మీద స్థిరంగా పోతున్నప్పుడు బండి ఎదుర్కొనే నిరోధంలో దాదాపు సగమో, అంతకు కాస్త పైనో గాలిది. మిగతాది టైర్లది, ఇరుసులు, గేర్లది. కాబట్టి లాగుడు 4 శాతం తగ్గితే గ్యాస్ సుమారు 2 శాతం మిగులుతుందని వేసుకోండి. ఊళ్లో సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగుతూ పోతే గాలి వాటా చాలా తక్కువ, లాభం దాదాపు సున్నా. పైగా కవర్‌కి దాని బరువు ఉంది. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్క ప్రకారం 100 పౌండ్ల అదనపు బరువు మైలేజీని సుమారు 1 శాతం తగ్గిస్తుంది. పెద్ద బండికి ఆ ప్రభావం ఇంకాస్త తక్కువే అయినా, గట్టి పలకల కవర్ కొన్నవాళ్లు దీన్ని కలుపుకోవాల్సిందే. మా బావ ఆఫీసు ఇంటికి ఎనిమిది మైళ్లు, దారి పొడవునా సిగ్నళ్లు. ఆ సంగతి అడగకుండా ఆయనకి కవర్ కొనమని చెప్పాను. ఇప్పటికీ నన్ను కుట్టేది అదే.

ఇప్పుడు అసలు కష్టం. మనం కొలవబోయేది 2 శాతం. మరి మన కొలతలో ఉండే తేడా ఎంత?

పంపు దానంతటదే ఆగడాన్ని ట్యాంకు నిండిందనడానికి గుర్తుగా తీసుకుంటాం. కానీ ఒక పంపు కాస్త ముందే ఆగుతుంది, ఇంకొకటి ఆలస్యంగా ఆగుతుంది. బండి ఒక పక్కకి వాలి ఉన్నా మారుతుంది. ఆ తేడా 0.4 గ్యాలన్ అనుకుందాం. మీరు 4 గ్యాలన్లే కాల్చి కొలిస్తే అది 10 శాతం తప్పు. 20 గ్యాలన్లు కాల్చి కొలిస్తే 2 శాతం. చూశారా, నిండు ట్యాంకుతో కొలిచినా పంపు తప్పు ఒక్కటే మనం వెతుకుతున్న లాభమంత ఉంది!

దాని మీద వాతావరణం. 0 డిగ్రీల సెల్సియస్ గాలి 30 డిగ్రీల సెల్సియస్ గాలి కన్నా సుమారు 10 శాతం చిక్కన. చలికాలం అమ్మే గ్యాస్‌లో శక్తి వేసవి గ్యాస్ కన్నా కొద్దిగా తక్కువ. చలిలో ఇంజన్ వేడెక్కడానికీ కొంత కాలుతుంది. నేను జనవరినీ ఏప్రిల్‌నీ పోల్చాను. పెరిగిన మైలేజీలో ఎక్కువ భాగం ఎండదే, ఆ ఘనతని కవర్‌కి కట్టబెట్టాను. గ్యాస్ రకం కూడా చూసుకోండి. 10 శాతం ఇథనాల్ కలిపిన గ్యాస్ కలపని దానికన్నా సుమారు 3 శాతం తక్కువ మైలేజీ ఇస్తుంది. ప్రయోగం సగంలో పంపు మారిస్తే లెక్క గోవిందా.

మరి చేసేదేంటి? మూడు విడతల పద్ధతి. మూత లేకుండా ఒక ట్యాంకు, మూతతో ఒక ట్యాంకు, మళ్లీ మూత తీసేసి ఒక ట్యాంకు. ఈ మూడోదాన్ని ఎవరూ చేయరు, బిగించిన కవర్ మళ్లీ విప్పాలంటే బద్ధకం. కానీ ప్రాణమంతా దాంట్లోనే ఉంది. మూడూ రెండు వారాల లోపు, అదే దారిలో, అదే స్టేషన్‌లో, అదే పంపు దగ్గర, బండి ముఖం అదే వైపుకి పెట్టి. పంపు మొదటిసారి ఆగగానే చాలించండి, తర్వాత నొక్కి నొక్కి పోయకండి. బండి వేగాన్ని దానంతటదే నిలిపి ఉంచే క్రూజ్ కంట్రోల్‌ని 65 మైళ్లలో ఉంచండి. దారి ఎప్పుడూ వెళ్లి తిరిగొచ్చేదే అయి ఉండాలి. డాలస్ నుంచి ఐ-45 మీద హ్యూస్టన్ వెళ్తే వసంతంలో తరచు దక్షిణపు గాలి ఎదురు కొడుతుంది, వచ్చేటప్పుడు అదే వెనక నుంచి తోస్తుంది. ఒక్క వైపే కొలిస్తే మీరు కొలిచింది గాలినే.

ఇప్పుడొక లెక్క. అంకెలు అభ్యాసం కోసం నేను కూర్చినవి. మూత లేకుండా 412 మైళ్లు, 20.6 గ్యాలన్లు. మూతతో 410 మైళ్లు, 19.9 గ్యాలన్లు. మళ్లీ మూత లేకుండా 414 మైళ్లు, 20.2 గ్యాలన్లు. కింది వరస చదివేముందు మీరు కాగితం మీద చేయండి.

మొదటిది గ్యాలన్‌కి 20.0 మైళ్లు, రెండోది 20.6, మూడోది 20.5. మొదటి రెండింటితో ఆపేసి ఉంటే "3 శాతం పెరిగింది" అని పండగ చేసుకునేవాళ్లం. మూత లేని రెండు ట్యాంకుల సగటు 20.25. దానితో పోలిస్తే మూత లాభం 1.7 శాతం. కానీ మూత లేని ఆ రెండు ట్యాంకుల మధ్యే 2.5 శాతం తేడా ఉంది. ఏమీ మార్చకుండానే అంత ఊగే కొలతతో 1.7ని నమ్మలేం. ఈ నోట్‌బుక్‌లో రాయాల్సిన జవాబు "పెరిగింది" కాదు, "పెరగలేదు" కూడా కాదు, "ఇంకా తేలలేదు" అని. ఇంకో రెండు చుట్లు చేయాలి.

డబ్బు లెక్క చిన్నదే. ఏడాదికి 12,000 మైళ్లు, గ్యాలన్‌కి 20 మైళ్లు అయితే 600 గ్యాలన్లు. 2 శాతం పెరిగి 20.4 అయితే 588. గ్యాలన్ 3 డాలర్లు వేసుకుంటే ఏడాదికి 35 డాలర్ల చిల్లర మిగులుతుంది. 300 డాలర్ల కవర్ గ్యాస్ ఒక్కదాని మీదే దాని ఖరీదు రాబట్టడానికి ఎనిమిదేళ్లు దాటుతుంది. అదీ అన్ని మైళ్లూ హైవే మీదే తిరిగితే. దీనికి పక్కనే ఇంకో అంకె పెట్టి చూడండి: గాలి లాగుడు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, 75లో పోయేవాళ్లు 65కి దిగితే లాగుడు పావు వంతు తగ్గిపోతుంది. దానికి పైసా ఖర్చు లేదు.

కవర్ కొనొద్దని నేననను. వానకి సామాను తడవదు, దొంగ కంటికి కనపడదు. నాది ఇప్పటికీ బండి మీదే ఉంది, వారం వారం కూరగాయలు తెచ్చుకోవడానికి హాయిగా ఉంది. ఇండియాలో చదువుతున్నవాళ్లకి ఒక మాట: మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ పికప్‌కైనా పద్ధతి ఇదే. అక్కడ డీజిల్, లీటర్లు, కిలోమీటర్లు వేసుకోండి. గ్యాలన్‌కి మైళ్లని 0.425తో గుణిస్తే లీటర్‌కి కిలోమీటర్లు వస్తాయి.

వచ్చే పాఠానికి పని: కవర్ ఉన్నవాళ్లు మూడు విడతలూ పూర్తి చేసి, మూత లేని రెండు ట్యాంకుల మధ్య తేడాని ఎర్ర సిరాతో రాసుకోండి. కవర్ లేనివాళ్లు దారాల ప్రయోగం ఒకసారి టెయిల్‌గేట్ వేసి, ఖాళీగా ఉన్న రోడ్డు మీద ఇంకోసారి దించి చేయండి. దించినప్పుడు బెడ్‌లో వేరే ఏ సామానూ ఉంచకండి. రెండు వీడియోలూ దాచుకోండి. 5వ పాఠంలో బండి మీద కట్టే లగేజీ పెట్టె గురించి మాట్లాడుకునేటప్పుడు అవి కావాలి.