బాస్ లేని టీమ్ – 4వ పాఠం: సెలవు ఎవరిని అడగాలి?

పోయిన పాఠంలో మీటింగ్ మొదలుపెట్టే ముందు ఎలా ఉన్నారో ఒక్కొక్కరూ ఒక మాట చెప్పుకోమన్నాను. మీరు రాసినవి చదివాక తప్పు నాదేనని తెలిసింది. కొన్ని టీముల్లో అందరూ "బాగానే ఉన్నా" అని తేల్చేశారు, ఇంకొన్ని చోట్ల ఒకరి ఇంటి గొడవ విని ఓదార్చేసరికి గంట అయిపోయింది. ఇక ఆ ప్రశ్న వద్దు. "ఈ వారం నీ మీద నుంచి ఏ పని తీసేస్తే ఊపిరి సలుపుతుంది?" అని అడగండి. జవాబుగా పని పేరే రావాలి. లేచేలోగా ఆ పని ఇంకొకరికైనా వెళ్లాలి, వాయిదా అయినా పడాలి.

ఎవరి బాధ్యతలేంటో రాసుకోవడం మీకు వచ్చు, వదిలేస్తున్నా.

నాకు ఒళ్లుమండేది "ఎవరికి కావాలంటే వాళ్లు సెలవు తీసుకోవచ్చు" అనే రూలు. బాస్ ఉంటే ఒక్కడి మొహం చూస్తే సరిపోయేది, లేకపోతే ఏడుగురి మొహాలు చూడాలి, ఎవరూ కాదనరు, అందుకే ఎవరూ అడగరు. మేమూ గొప్పగా రాసుకున్నాం. మా టీమ్‌లో ఒకావిడ వాళ్ల నాన్నకి కంటి ఆపరేషన్ జరుగుతుంటే ఆసుపత్రి వరండాలో బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని కస్టమర్లకి జవాబులిచ్చింది. "అయిపోయింది, పంపేశా" అని మెసేజ్ పెడితే నేనే బొటనవేలు గుర్తు కొట్టాను.

నెదర్లాండ్స్‌లో ఇళ్లకెళ్లి వైద్యసేవ చేసే నర్సుల సంస్థ బ్యూర్ట్‌జోర్గ్ 2006లో మొదలైంది. మేనేజర్లు లేరు, టీముకి 12 మందికి మించరు, సలహాకి కోచ్ ఉంటారు కానీ ఆజ్ఞాపించరు. డ్యూటీల పట్టిక వేయడం కూడా టీమ్‌లోనే ఒకరి బాధ్యత. మనం ఎత్తుకోవాల్సింది అదే. సెలవు అడగరు, చెప్తారు. బదులు మనిషిని వెతకాల్సింది పట్టిక వేసేవాళ్లు, సెలవు పెట్టినవాళ్లు కాదు. ఆ బాధ్యత మూడు నెలలకొకసారి చేతులు మారాలి. నేనైతే పట్టిక బోర్డు మీదే రాస్తాను, యాప్‌లో పెడితే ఎవడూ చూడడు.

సంక్రాంతికి ఎవరు ఊరెళ్తారో దసరాకే తేల్చుకోండి. పెళ్లికానివాళ్లు ఉంటార్లే అనుకోవద్దు.

అభ్యాసం: టీమ్‌లో అన్నీ తెలిసిన మనిషిని, అది మీరైతే మిమ్మల్నే, రెండు పనిదినాలు ఫోన్ ఆపేసి ఇంట్లో కూర్చోబెట్టండి. ముందుగా ఏదీ అప్పగించకూడదు. ఆగిపోయిన ప్రతి పని పక్కనా దాన్ని చూసుకునే రెండో మనిషి పేరు రాయండి. జీతాలు వేసే రోజు మాత్రం పెట్టుకోకండి.