బతికున్న కోళ్లను బండిలో ఎలా తేవాలి?

ఇంట్లో విందు ఉందని పలమనేరు వైపు ఫారం నుంచి యాభై బ్రాయిలర్లను తిరుపతికి తెప్పించారనుకుందాం. తీరా కోశాక ఒక కోడి మాంసం పాలిపోయి, మెత్తబడి, గిన్నె నిండా నీరు వదులుతుంది. మరొకటి నల్లబారి గట్టిగా ఉంటుంది. చాలామంది మేతను అనుమానిస్తారు. నేనైతే ముందు బండిని అనుమానిస్తాను.

బెదిరినా, ఉక్కకు వగర్చినా కోడి కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ కరగడం మొదలవుతుంది. కోసే ముందు గట్టిగా బెదిరితే, మాంసం వేడి తగ్గకముందే ఆ నిల్వ నుంచి పుట్టే లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. నీరు వదిలే మాంసం అదే. గంటల తరబడి అలసి నిల్వంతా అయిపోతే ఆ ఆమ్లం చాలినంత పుట్టదు. మాంసం నల్లబారి, త్వరగా చెడిపోతుంది.

మేత ఆపడం. కోసే సమయానికి 8 నుంచి 12 గంటల ముందు మేత తీసేయాలి. ప్రయాణం కూడా ఈ లెక్కలోనిదే. ఆదివారం ఉదయం 6 గంటలకు కోస్తారంటే శనివారం రాత్రి 8 గంటలకు మేత ఆపమని చెప్పండి. ముందుగా ఆపితే ఖాళీ పేగులు పలచబడి, కోసేటప్పుడు చిరుగుతాయి. మాంసానికి పిత్తం అంటుతుంది. ఆలస్యంగా ఆపితే దారంతా రెట్టలే. నీళ్లు మాత్రం బండి ఎక్కించే వరకు ఉండాలి.

పట్టడం. చీకట్లో, మసక వెలుతురులో పట్టాలి. రెక్క పట్టి లాగకూడదు. తర్వాత మాంసం మీద కమిలిన మచ్చ కనబడితే రంగు చూడండి. ఎర్రగా ఉంటే పట్టేటప్పుడో బండిలోనో తగిలిన దెబ్బ. ఆకుపచ్చకు తిరిగిందంటే దెబ్బ తగిలి దాదాపు ఒక రోజయింది. పాపం, డ్రైవరు మీద అరవకండి.

క్రేట్లు. కోళ్లన్నీ ఒకేసారి కూర్చోగలిగినన్నే వేయండి. ఎండాకాలంలో ఇంకా తగ్గించండి.

దారి. అసలు చిక్కంతా ఇక్కడే. పలమనేరు ఎత్తున ఉంటుంది, తెల్లవారుజామున చల్లగానే ఉంటుంది. మొగిలి ఘాట్ దిగి చిత్తూరు దాటేసరికి గాలి మారిపోతుంది. కోడి ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీలు. దానికి చెమట పట్టదు, నోరు తెరిచి వగర్చడమే దారి. బండి నడుస్తున్నంతసేపు గాలి ఆ వేడిని లాగేస్తుంది. టీ కోసం చంద్రగిరి దగ్గర ఆగితే మధ్య క్రేట్లలోని కోళ్లు ఉడుకుతాయి. అందుకే రాత్రి 2 గంటలకు బయలుదేరి, ఎక్కడా ఆగకుండా తెల్లవారకముందే చేరాలి. ఆగిన బండి మీద నీళ్లు చల్లడం మేలని చాలామంది నమ్మకం. గాలి ఆడని చోట ఆ తడి ఉక్కను పెంచుతుంది. వగర్చినా వేడి బయటికి పోదు. టార్పాలిన్ వానొస్తే పైన మాత్రమే కప్పాలి, పక్కలు మూయకూడదు.

దించాక. క్రేట్లను విసరకుండా దించి, నీడలో వరుసల మధ్య సందు వదిలి, ఫ్యాను పెట్టండి. వగర్పు తగ్గేదాకా, సుమారు గంటసేపు, వాటి జోలికి వెళ్లకండి. ఒకదాని ఎదుట మరొకదాన్ని కోయకపోవడం మంచిది.

దారిలో చచ్చిన కోడి ఒకటో రెండో ఉండవచ్చు. 'ఇప్పుడే పోయింది, ఒళ్లు వెచ్చగానే ఉంది' అని ఎవరైనా అన్నా కోయించవద్దు. దాని రక్తం లోపలే నిలిచిపోతుంది, ఎందుకు చచ్చిందో మనకు తెలియదు. లెక్కలోంచి తీసేసి, గొయ్యి తీసి పూడ్చండి.